మతం కేసు పట్టిన శ్రీలతకు

చి. శ్రీలతకు,

పెదనాన్న ఆశీస్సులు. హైకోర్టులో నువ్వు వేయబోయే మొదటి రిట్టే మత స్వేచ్ఛ మీద అని, బడి నుంచి పంపేసిన పిల్ల తరఫున అని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా గర్వంగా అనిపించిందమ్మా. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

వకాలత్, పేజీ నంబర్లు, గవర్నమెంట్ ప్లీడర్‌కు కాపీ ఇవన్నీ నీకు తెలుసు. రాజ్యాంగంలో మత స్వేచ్ఛనిచ్చే ఆర్టికల్ 25ను మాత్రం మొదటి మాట నుంచి చదువు. ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి, మిగతా ప్రాథమిక హక్కులకు లోబడే ఆ స్వేచ్ఛ. అమెరికా తీర్పుల్లో మతానికీ ప్రభుత్వానికీ మధ్య ఉందనే గోడ మన దగ్గర అలా లేదు, మన ప్రభుత్వానికి దేవాదాయ శాఖే ఉంది. అక్కడి వాక్యాలు తెచ్చి అతికించకు.

అయినా అక్కడి తప్పు ఒకటి తెలుసుకోవాలి. పెన్సిల్వేనియాలో జెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ పిల్లలు ఇద్దరు, తమ మతం ఒప్పదని జెండాకు వందనం చేయబోమన్నారు. బడి నుంచి తీసేశారు. 1940లో వాళ్ల సుప్రీంకోర్టు 8-1తో బడి పక్షాన నిలబడింది. ఆ నెలలోనే మెయిన్ రాష్ట్రం కెన్నెబంక్‌లో ఆ మతస్తుల ప్రార్థనా మందిరాన్ని గుంపు తగలబెట్టింది. 1943లో అదే కోర్టు 6-3తో తప్పు దిద్దుకుంది. ఈలోపు ఎందరు పిల్లలు బడికి దూరమయ్యారో, ఎన్ని ఇళ్లు బిక్కుబిక్కుమన్నాయో! తీర్పులో మాట వీధికి చేరుతుంది శ్రీలతా. నా భయమంతా అదే. అందుకే పిల్ల పేరు బయటికి రాకుండా ఉత్తర్వు కోరుతూ ముందే ఒక అప్లికేషన్ వెయ్యి. టీవీ వాళ్లతో ఒక్క ముక్క మాట్లాడకు.

కేరళలోనూ అదే జరిగింది. 1985లో జెహోవా సాక్షుల పిల్లలే ముగ్గురు జాతీయ గీతానికి అందరితోపాటు మర్యాదగా లేచి నిలబడ్డారు, పాడలేదంతే. బడి నుంచి తీసేశారు. హైకోర్టు గీతంలోని మాటమాటా పరిశీలించి, ఇందులో ఏ మతాన్నీ నొప్పించేది లేదంది. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు, అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదంది. నమ్మకం మనకు సబబుగా తోస్తుందా అని కాదు, వాళ్లు నిజాయితీగా నమ్ముతున్నారా అని చూడాలంది. పాడి తీరాలనే చట్టం ఏదీ లేదని కూడా చెప్పింది. రాసింది మన హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ చిన్నపరెడ్డి. అప్పుడు నేను జూనియర్‌ని. బార్ లైబ్రరీలో ఆ తీర్పు కోసం పోటీలు పడ్డాం.

నీకు చిన్నప్పటి నుంచీ గెలవాలని తొందర. ఆ తొందరలో గ్రంథాలు దొంతర పెట్టి, ఇది మతంలో తప్పనిసరి ఆచారమని నిరూపించబోకు. నువ్వో శ్లోకం చదివితే అవతలివాళ్లు ఇంకోటి చదువుతారు, జడ్జిగారు పండితులవుతారు, పిల్ల సంగతి మరుగున పడుతుంది. హిజాబ్ కేసులో కర్ణాటక హైకోర్టు 2022లో ఆ దారినే వెళ్లింది. సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరోమాట అన్నారు. వారిలో జస్టిస్ ధూలియా తప్పనిసరి ఆచారమా కాదా అనే పరీక్షే అక్కర్లేదని బిజో కేసును పట్టుకున్నారు. ఆయన తీర్పు రెండుసార్లు చదువు.

ముందు ఏ చట్టం కింద పంపేశారని బడిని అడుగు. ఆ పిల్ల ఆ రోజు ఎక్కడ నిలబడింది, ఏమంది, ఎవరికైనా అడ్డొచ్చిందా అన్నది అఫిడవిట్‌లో దాని మాటల్లోనే రాయించు. తిండి మానేసి ఫైళ్లు తిరగేయకు తల్లీ. డ్రాఫ్ట్ ఫైల్ చేసేముందు నాకు పంపించు, కాస్త పెద్ద అక్షరాల్లో.

మీ పెదనాన్న