డౌన్‌లోడ్ చేసిన 40 పేపర్లతో ఏం చేయాలి?

ప్రశ్న: డిగ్రీ బయాలజీ విద్యార్థిని. ఉప్పు నీటిలో టమాటా విత్తనాలు ఎలా మొలకెత్తుతాయన్నది నా ప్రాజెక్టు. లిటరేచర్ రివ్యూ కోసం 40 పేపర్లు డౌన్‌లోడ్ చేశాను. రెండు పేజీలు దాటి ఏదీ చదవలేకపోతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. ముందు ముందు పరిశోధన వైపు వెళ్లాలనుంది. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఆ 40 పేపర్లను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అవి అర్థం కాకపోవడం మీ లోపం కాదు. వాటిని రాసింది ఆ రంగంలో ఏళ్లుగా ఉన్నవాళ్ల కోసం.

ముందుగా ఒక్క రివ్యూ ఆర్టికల్ వెతకండి. అప్పటిదాకా జరిగిన పనినంతా ఒకచోట చేర్చి చెప్పే వ్యాసం అది. పేపర్లు వెతికే సైట్లలో మీ అంశానికి పబ్‌మెడ్ కంటే గూగుల్ స్కాలర్‌తో మొదలుపెట్టడం మేలు. పబ్‌మెడ్ మొగ్గు వైద్యం వైపు, వ్యవసాయ పత్రికలు చాలావరకు అందులో ఉండవు. ‘టమాటా, ఉప్పు’ అని కొడితే అక్కర్లేనివన్నీ వస్తాయి. శాస్త్రీయ నామం వాడండి, అదీ రెండు రకాలుగా. ఇప్పుడు టమాటా సొలానమ్ లైకోపెర్సికమ్. పాత పేపర్లలో మాత్రం లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్ అనే ఉంటుంది. ఒక్క పేరుతోనే వెతికితే పాత పని చాలావరకు మీ కంట పడదు.

మంచి పేపర్ ఒకటి దొరికాక దాని చివర ఉన్న రిఫరెన్సులు చూస్తే వెనక్కి, అంటే అంతకుముందు పేపర్లకు వెళ్తారు, స్కాలర్‌లో ‘సైటెడ్ బై’ నొక్కితే ముందుకు, అంటే దాన్ని ప్రస్తావించిన తర్వాతి పేపర్లకు వస్తారు. డబ్బు కట్టమంటే ‘ఆల్ వెర్షన్స్’ చూడండి, ఉచిత ప్రతి దొరకవచ్చు. లేదంటే రచయితకే మర్యాదగా మెయిల్ రాయండి. చాలామంది సంతోషంగా పంపిస్తారు.

చదివేటప్పుడు ముందు అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం), తర్వాత బొమ్మలు, ఆపైన మెథడ్స్ (ప్రయోగం ఎలా చేశారో చెప్పే భాగం). ఇంట్రడక్షన్‌తో మొదలుపెట్టి అక్కడే అలసిపోవడం అందరూ చేసే పనే. మీకు అసలు సరుకు మెథడ్స్‌లో ఉంటుంది. వేరు 2 మిల్లీమీటర్లు బయటికి వస్తేనే మొలకగా లెక్కించేవాళ్లు ఉన్నారు, కాస్త తొంగిచూస్తే చాలనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి శాతాలనూ పక్కపక్కన పెట్టి పోల్చేస్తే తప్పు. ఉప్పు కొలత కూడా అంతే. ఒకరు మిల్లీమోలార్‌లో ఇస్తారు, ఇంకొకరు లీటరుకు గ్రాముల్లో. సోడియం క్లోరైడ్ 100 మిల్లీమోలార్ అంటే లీటరుకు దాదాపు 5.84 గ్రాములు. అన్నీ ఒకే కొలతలోకి మార్చుకుని పట్టిక వేసుకోండి: ఎంత ఉప్పు, ఎన్ని విత్తనాలు, ఎన్ని రోజులు, మొలక అంటే వాళ్ల లెక్కలో ఏమిటి. ఎనిమిది, పది పేపర్లతో ఈ పట్టిక నింపితే మీ రివ్యూ సగం రాసినట్టే.

అలా చదువుతుంటే ఒక ప్రశ్న ఎదురవుతుంది. మొలక తగ్గింది ఉప్పులోని అయాన్ల విషప్రభావం వల్లా, లేక విత్తనం నీటిని పీల్చుకోలేకపోవడం వల్లా? దీన్ని తేల్చడానికే కొందరు ఉప్పుతో పాటు పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణంలోనూ విత్తనాలు పెడతారు. అది కూడా ఉప్పులాగే విత్తనానికి నీరు సులువుగా అందకుండా చేస్తుంది, కానీ అందులో ఉప్పు అయాన్లు ఉండవు. మీ ప్రయోగంలో ఆ ఒక్క పెట్రీ డిష్ వరుస చేరిస్తే ప్రాజెక్టు స్థాయే మారుతుంది. రేపు పరిశోధన సీటు ఇంటర్వ్యూలో ‘ఈ కంట్రోల్ (పోలిక కోసం పెట్టే వరుస) ఎందుకు పెట్టారు?’ అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర సొంత జవాబు ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులను తెరిచి చూడకుండా రాయకండి. లేని పేపర్‌ను కూడా అది ఉన్నట్టే చెప్పగలదు.