కొత్త కోచ్ వచ్చాక పెద్ద పేర్లు కొనకపోతే కంగారు పడాలా?

మీరు అడిగింది ఇదీ: "మా క్లబ్‌కి కొత్త కోచ్ వచ్చాడు. పేరున్న ఆటగాళ్లని వదిలేసి ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాళ్లని తెస్తున్నారు. మా అభిమానుల వాట్సాప్ గ్రూపు రెండుగా చీలిపోయింది. కోచ్‌ని నమ్మాలా, యాజమాన్యాన్ని నిలదీయాలా?" మీది ఏ క్లబ్బో రాయలేదు. సరిగ్గా ఇదే గొడవలో ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానిగా నేను ఏళ్ల తరబడి ఉన్నాను. కాబట్టి నాకు తెలిసిన కథే చెబుతాను. మీ క్లబ్‌కి ఎంతవరకు సరిపోతుందో మీరు చూసుకోండి.

2019లో పుణె క్లబ్ మూతపడి, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో దాని స్థానం హైదరాబాద్‌కి వచ్చింది. మాకు పండగే. మా నాన్న చిన్నప్పటి నుంచి మన ఊరి పాతకాలపు ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ కథలు చెబుతూ పెంచారు. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 54 వరకు వరసగా ఐదేళ్లు, ముంబయిలో ఒకప్పుడు జరిగిన రోవర్స్ కప్ గెలిచిన ఊరు మనది అనేవారు. అలాంటి ఊళ్లో మళ్లీ ఒక పెద్ద జట్టు! కోచ్ ఫిల్ బ్రౌన్, ఇంగ్లండ్‌లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కి చేర్చినవాడు. ఆటగాళ్లలో మార్సెలీన్యో, బోబో లాంటి బ్రెజిల్ పేర్లు. మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో 5-0తో ఓడాం. వారం తర్వాత నవంబర్ 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో గెలిచినప్పుడు నేను స్టేడియంలోనే ఉన్నాను. మార్సెలీన్యో ఫ్రీకిక్ వలలో పడగానే పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని కౌగిలించుకున్నాను. ఇక కుదురుకుంటాం అనుకున్నాం. సీజన్ ముగిసేసరికి 18 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 10 పాయింట్లు, అట్టడుగు స్థానం. జనవరిలోనే కోచ్‌ని తీసేశారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్మితే ఏమవుతుందో ఆ ఏడాది కళ్లారా చూశాం.

తర్వాత ఆల్బర్ట్ రోకాని పెట్టారు. బెంగళూరు ఎఫ్‌సీని 2016లో ఆసియా క్లబ్‌ల పోటీ ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లిన మనిషి, ఇండియా ఆటగాళ్లు బాగా తెలిసినవాడు. మా అభిమానుల వాట్సాప్ గ్రూపులో అందరం ఒక్కమాట మీదున్నాం. ఇంకో రెండున్నర నెలల్లో సీజన్ అనగా, 2020 ఆగస్టు చివర్లో బార్సిలోనా నుంచి పిలుపొచ్చి ఆయన వెళ్లిపోయాడు. ఆ స్థానంలోకి మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. అప్పటిదాకా మాలో ఎవరూ ఆయన పేరు విని ఉండరు. వెతికితే 2017లో స్పెయిన్ క్లబ్ లాస్ పాల్మాస్‌కి కొద్ది వారాలు కోచ్‌గా చేశాడని తేలింది. అంతే, గ్రూపు భగ్గుమంది. నేనైతే పెద్ద మెసేజే రాశాను: ఈ సీజన్ కూడా పోయినట్టే, పేరున్న ఫార్వర్డ్‌ని ఒక్కణ్ని కొనరు, ఈ పిల్లలతో ఎలా గెలుస్తారు అని. దానికి ఇరవై మంది లైక్ కొట్టారు. ఆఫీసులో పనిచేసే ఒక మలయాళీ స్నేహితుడు మాత్రం, ఆయన కేరళ అభిమాని, "మీవాళ్లు తెచ్చుకున్న పిల్లల వయసులు చూశావా" అని అడిగాడు. చూడలేదు. మీకు ముందుగా చెప్పదలిచింది ఇదే: కోచ్ పాత రికార్డు ఎంత వెతుకుతామో, కొన్నవాళ్ల వయసు, ఆడే స్థానం, ఒప్పందం కాలం కూడా అంత వెతకాలి.

ఆ జట్టు ఇలా ఉంది. లెఫ్ట్ బ్యాక్ ఆకాశ్ మిశ్రాకి సీజన్ మొదలయ్యేనాటికి 18 దాటి 19 నిండుతోంది. రైట్ బ్యాక్ ఆశిష్ రాయ్ సిక్కిం కుర్రాడు. రెక్కల మీద గోవా నుంచి లిస్టన్ కొలాసో, మణిపూర్ నుంచి మహమ్మద్ యాసిర్. డిఫెన్స్ మధ్యలో చింగ్లెన్‌సనా సింగ్. వీళ్లలో చాలామందిని మనోలో రాకముందే క్లబ్ ఎంచుకుంది. అప్పట్లో ఇది నాకు లోపంలా కనిపించింది, కోచ్‌కి ఇష్టమైనవాళ్లు కారు కదా అని. ఇప్పుడు చూస్తే అదే బలం. కోచ్ మారినా పథకం మారలేదు. వచ్చినాయన కూడా పథకాన్ని చెరిపి మళ్లీ మొదటినుంచి రాస్తానని కూర్చోలేదు, ఉన్న పిల్లలతోనే పని మొదలుపెట్టాడు.

ఐఎస్‌ఎల్‌లో దీనికి ఇంకో లెక్క ఉంది, అది పట్టుకోకపోతే కొనుగోళ్ల గురించి ఎంత వాదించినా గాల్లో వాదించినట్టే. 2021-22 నుంచి ఒక జట్టు తరఫున మైదానంలో ఒకేసారి నలుగురికి మించి విదేశీయులు ఉండకూడదని నిబంధన వచ్చింది. అంటే పదకొండు మందిలో ఏడుగురు మనవాళ్లు. మంచి విదేశీ ఆటగాళ్లు దాదాపు ప్రతి క్లబ్‌కీ దొరుకుతారు. ఏడుగురు మంచి ఇండియా ఆటగాళ్లు మాత్రం అందరికీ దొరకరు, వాళ్లని పెంచుకోవాల్సిందే. మా క్లబ్ ఆ పెంచే పని ఒక ఏడాది ముందే మొదలుపెట్టింది. మీ లీగ్‌లో ఇలాంటి నిబంధన ఏదైనా ఉందేమో చూడండి. కుర్రాళ్ల మీద పెట్టే డబ్బు తెలివైన పనా, పిసినారితనమా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

2020-21 అంతా గోవాలోనే, కరోనా వల్ల ప్రేక్షకులు లేకుండా జరిగింది. రోజూ రాత్రి ఏడున్నరకి టీవీ ముందు కూర్చునేవాణ్ని. మెల్లగా ఒక సంగతి గమనించాను. ఆకాశ్ ఒక మ్యాచ్‌లో తడబడితే, తర్వాతి మ్యాచ్ జట్టు జాబితా వచ్చేటప్పటికి అతని పేరు ఉంటుందా లేదా అని చూసేవాణ్ని. ఉండేది. దాదాపు ప్రతి మ్యాచ్‌లో ఉండేది. కుర్రాళ్లని కొనడం ఎవరైనా చేస్తారు, తప్పు చేసిన మర్నాడు కూడా ఆడించడానికి గుండె కావాలి. ఆ సీజన్ చివరి లీగ్ మ్యాచ్‌లో గోవా మీద గెలిస్తే సెమీస్‌కి వెళ్లేవాళ్లం, 0-0తో ఆగిపోయింది. 29 పాయింట్లు, ఐదో స్థానం. ఏడాది కిందట అట్టడుగున ఉన్న జట్టు! గ్రూపులో నా పాత మెసేజ్ వెతికి, దాని కిందే తప్పయిందని రాశాను.

గొడవ అక్కడితో ఆగలేదు. 2021లో లిస్టన్‌ని కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్‌కి అమ్మారు, సుమారు కోటి రూపాయలని అప్పట్లో పత్రికలు రాశాయి. పది గోల్స్ కొట్టిన ఫార్వర్డ్ అరిదానె సంతానా కూడా వెళ్లిపోయాడు. అతని స్థానంలో 37 ఏళ్లు నిండబోతున్న నైజీరియా ఫార్వర్డ్ ఓగ్బెచెని తెచ్చారు. ఇప్పుడు గ్రూపులో పక్షాలు తారుమారయ్యాయి. నిన్నటిదాకా కుర్రాళ్లే కావాలన్నవాళ్లు "వయసైపోయినవాణ్ని ఎందుకు తెచ్చారు" అని మొదలుపెట్టారు. సీజన్ మొదటి మ్యాచ్ చెన్నయిన్ చేతిలో 1-0తో ఓడేసరికి ఇక ఆపేవాళ్లే లేరు. రెండో మ్యాచ్‌లో ముంబయిని 3-1తో కొట్టాం. సీజన్ అయ్యేసరికి ఓగ్బెచె పేరు మీద 18 గోల్స్, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ అతనిదే. నాకు అప్పుడు అర్థమైంది, వ్యూహమంటే కుర్రాళ్లా పెద్దవాళ్లా అన్న లెక్క కాదని. నాలుగేళ్లు ఆడాల్సిన చోట కుర్రాణ్ని పెట్టారు, ఈ ఏడాదే గోల్స్ కావాల్సిన చోట పండినవాణ్ని పెట్టారు.

2022 మార్చి 20, కేరళతో ఐఎస్‌ఎల్ ఫైనల్. గోవాలోని ఫటోర్డా స్టేడియం నిండా కేరళ అభిమానులే. మా ఇంట్లో నేను, నాన్న, మా బావమరిది, ఆ మలయాళీ స్నేహితుడు. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కొట్టిన గోల్‌తో స్నేహితుడు ఎగిరి గంతేశాడు. మేం ముగ్గురం మాట్లాడుకోలేదు. అమ్మ వచ్చి అన్నం పెట్టమంటారా అంటే నాన్న చెయ్యి అడ్డంగా ఊపారు, కళ్లు టీవీ మీదనుంచి తీయలేదు. 88వ నిమిషంలో బంతి పెనాల్టీ బాక్స్ బయట ఎగిరి పడింది. మావాడు సాహిల్ తవోరా దాన్ని కింద పడనివ్వకుండా గోల్‌లోకి కొట్టాడు, 1-1. ఆ దెబ్బ నాకు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది.

అదనపు సమయం తర్వాత పెనాల్టీ షూటౌట్. మా గోల్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి. ఇదే ఫటోర్డాలో, 2015 ఫైనల్లో, గోవా తరఫున ఆడుతూ 90వ నిమిషంలో బంతి తన చేతుల మీదుగా సొంత గోల్‌లోకి వెళ్లింది. ఆ తర్వాత రెండు నిమిషాల్లో చెన్నయిన్ ఇంకో గోల్ కొట్టి కప్పు ఎత్తుకుపోయింది. మా క్లబ్‌కి వచ్చాక కూడా అతన్ని మార్చి ఇంకెవరినైనా కొనండి అని మా గ్రూపులో ఎన్నిసార్లు రాశారో లెక్కలేదు. ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. షూటౌట్‌లో 3-1, కప్పు మాదే. నాన్న లేచి నిలబడి ఏడ్చారు. స్నేహితుడు ఓడిపోయిన బాధలో ఉండి కూడా ముందుగా నాన్న దగ్గరికే వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. గోల్‌కీపర్‌ని కొనాలా వద్దా అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ రాత్రే గుర్తొస్తుంది.

ఇంతవరకు మీ కోచ్‌ని నమ్మండి అన్నట్టే రాశాను. కానీ మిగతా సగం కూడా చెప్పాలి, అదే ఎక్కువ ముఖ్యం.

2022-23లోనూ లీగ్‌లో రెండో స్థానం, 42 పాయింట్లు. ఆశిష్ అప్పటికే మోహన్ బగాన్‌కి వెళ్లాడు. 2023లో మనోలో గోవాకి వెళ్లాడు, ఆకాశ్ ముంబయికి వెళ్లాడు, ఓగ్బెచె వెళ్లాడు. క్లబ్‌కి డబ్బు ఇబ్బందులు, ఆటగాళ్ల బకాయిలు, కొత్తవాళ్లని నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం. సీజన్ మధ్యలోనే ఆటగాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. ఒకప్పుడు మనోలో పక్కన సహాయకుడిగా ఉన్న తాంగ్‌బోయి సింగ్టో మిగిలిన పిల్లలతో జట్టు నడిపాడు. 2024 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం గచ్చిబౌలికి వెళ్లాను. స్టాండ్లలో జనం ఎంత పలచగా ఉన్నారంటే మైదానంలో గోల్‌కీపర్ అరుపులు స్పష్టంగా వినిపించాయి, "లెఫ్ట్ చూడు, లెఫ్ట్" అని. ఆ పిల్లలు పరిగెత్తుతూనే ఉన్నారు. ఒకడు కండరం పట్టేసి కూలబడితే, పక్కవాడు తన కాళ్లే నిలబడకుండా ఉన్నా వంగి అతని కాలు సాగదీశాడు. ఆ సీజన్ 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. వాళ్లని ఎవరైనా తిడితే నేను ఊరుకోను.

పేరుకి ఇదీ కుర్రాళ్ల జట్టే, 2020లోదీ కుర్రాళ్ల జట్టే. 2020 దాంట్లో పిల్లల పక్కన ఒడెయ్ ఒనైందియా, జొవావో విక్టర్ లాంటి పెద్దవాళ్లు ఉన్నారు. ఇంకోదాంట్లో పిల్లలు తప్ప దాదాపు ఎవరూ మిగల్లేదు. కాబట్టి మీ గ్రూపులో "కుర్రాళ్ల మీద నమ్మకం పెట్టారు" అని ఎవరైనా అంటే, డిఫెన్స్ మధ్యలో, మిడ్‌ఫీల్డ్ మధ్యలో ఎవరున్నారో అడగండి. అక్కడ 28-30 ఏళ్లవాళ్లు ఇద్దరైనా ఉంటే అది పథకం. లేకపోతే డబ్బు లేక చేస్తున్న సర్దుబాటు. అప్పుడు నిలదీయాల్సింది యాజమాన్యాన్ని, కోచ్‌ని కాదు.

ఒప్పందాల సంగతి కూడా చూడండి. ఆటగాడు వెళ్లిపోవడం తప్పు కాదు, చిన్న క్లబ్‌లు అమ్ముకునే బతుకుతాయి. లిస్టన్‌ని అమ్మినప్పుడు ఏడ్చాం గానీ క్లబ్‌కి డబ్బు వచ్చింది, అతను లేకుండానే కప్పు వచ్చింది. ఒప్పందం అయిపోయో, జీతం అందకో ఊరికే వెళ్లిపోతే మాత్రం పెంచిన ఏళ్లన్నీ ఇంకొకరికి దానం చేసినట్టే. కొత్తవాణ్ని కొన్న రోజు మనం సంబరాలు చేసుకుంటాం. ఉన్నవాడు ఇంకో మూడేళ్లకి సంతకం పెట్టిన రోజు ఎవరూ పట్టించుకోరు. నేనిప్పుడు ఆ వార్తే ముందు చదువుతాను.

తర్వాతి సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024లో కొత్త యాజమాన్యం వచ్చింది, ఆ సీజన్ 13 జట్లలో 12వ స్థానం. 2025 అక్టోబర్‌లో క్లబ్ ఢిల్లీకి మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు చొక్కా మా ఇంట్లో నాన్న బీరువాలో ఉంది, ఆయనే మడతపెట్టి దాచారు. గ్రూపు ఇంకా ఉంది, పేరు మార్చలేదు. ఇప్పుడు అందులో ఎక్కువగా మన పాత ఆటగాళ్లు ఏ జట్టుకి ఆడుతున్నారన్న కబుర్లే.

మీ క్లబ్ ఆ కుర్రాళ్లతో ఎన్నేళ్లకి రాసుకుందో, వాళ్ల పక్కన పెద్దవాళ్లు ఎవరున్నారో వెతికి కింద రాయండి. క్లబ్ పేరు కూడా చెప్పండి. ముఖ్యంగా, ఈ నెలలో మొదటిసారి ఘోరంగా తప్పు చేసిన కుర్రాడు తర్వాతి మ్యాచ్ మొదలయ్యేటప్పుడు మైదానంలో ఉన్నాడా, బెంచీ మీద ఉన్నాడా? అది తెలిస్తే మీ గ్రూపులో ఏ పక్షాన నిలబడాలో నేను గట్టిగా చెప్పగలను.