కబాడీ ఇంజన్ కొనేముందు దాని మీద చెయ్యి పెట్టి చూడండి

మీ 2012 బొలెరో పికప్ మూడున్నర లక్షల కిలోమీటర్లు తిరిగింది, ఆయిల్ తాగుతోంది, నీలం పొగ కొడుతోంది అన్నారు. ఆటోనగర్‌లో 60 వేలకు సెకండ్ హ్యాండ్ ఇంజన్ దొరుకుతోంది, వేయించొచ్చా అని అడిగారు. వేయించకండి. ఉన్న ఇంజన్ దింపించి దానికే బోరింగు (అరిగిన సిలిండర్లను లేతు మీద కొంచెం పెద్దగా తొలిచి, ఆ సైజు పిస్టన్లు వేయడం) చేయించుకోండి. నేను కొని దెబ్బతిన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

నాదీ అదే బండి, ఏపీ ప్లేటుది. చేవెళ్ల వైపు నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు టమాటా, కొత్తిమీర తోలేవాణ్ణి. ఒకసారి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే సెకండ్ గేరులో కూడా లాగలేదు. పక్కకు ఆపి, ఇంజన్ ఆడుతుండగానే ఆయిల్ మూత తీశా. చుట్ట తాగే ముసలాయన నోట్లోంచి వచ్చినట్టు బుస్సుబుస్సున పొగ. పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు అరిగిపోయాయని అర్థమైంది.

బోరింగుకు పది రోజులు పడుతుందన్నాడు మా మెకానిక్ ఉస్తాద్. సీజన్లో పది రోజులు బండి నిలబెడితే రైతులు ఇంకో బండి చూసుకుంటారని నా భయం. ఆయనకు చెప్పకుండా బావమరిదిని వెంటేసుకుని, పాత బండ్ల సామాను అమ్మే ఒక కబాడీ షాపుకు వెళ్లా.

పాత టైర్ల మధ్య నేల మీద ఇంజన్ పెట్టి ఉంది. కుర్రాడు ఖాళీ ఆయిల్ డబ్బాలో డీజిల్ పోసి, పైపు అందులో వేసి, బ్యాటరీ వైర్లు సెల్ఫుకు తాకించాడు. సగం తిప్పుకే అందుకుంది. పొగ లేదు. "చూసినవా అన్నా, షోరూంల ఇంజన్ లెక్క ఉంది" అన్నాడు సేటు. మాకు టీ కూడా తెప్పించాడు. 55 వేలు లెక్కపెట్టి ఇచ్చేశా. బిల్లు అడిగితే చిట్టీ మీద 'ఇంజన్ 1' అని రాసిచ్చాడు. ఆ చిట్టీ ఇప్పటికీ నా పర్సులోనే ఉంది.

ఉస్తాద్ తిట్టుకుంటూనే చైన్ బ్లాకు కట్టి పాతది దింపి, దీన్ని ఎక్కించాడు. మర్నాడు తెల్లవారుజామున సెల్ఫు కొట్టీ కొట్టీ బ్యాటరీ పడిపోయింది. చివరికి నలుగురం తోస్తే అందుకుంది, గల్లీ అంతా తెల్ల పొగ. పక్కింటామె కిటికీలు మూసుకుంది.

ఉస్తాద్ వచ్చి ఒక్కటే అడిగాడు. "షాపుల స్టార్ట్ జేయకముందు ఇంజన్ మీద చెయ్యి వెట్టి చూసినవా?"

పెట్టలేదు.

"నువ్వు వొయ్యేసరికే గరం జేసి ఉంచిన్రు. గరం మీద ఏ ఇంజనైనా అందుకుంటది. కంప్రెషన్, అంటే సిలిండర్ల గాలిని నొక్కే బలం, లేనిది చల్లగున్నప్పుడే దొరుకుతది." పైగా చిక్కటి ఆయిల్ పోస్తే కాసేపు పొగ కూడా దాక్కుంటుందట.

ఆ ఇంజన్ పైభాగం, అంటే హెడ్ విప్పితే నీళ్లు తిరిగే దారుల నిండా తెల్లటి గార. మీ ఇంట్లో గీజరు రాడ్డు ఎప్పుడైనా బయటికి తీసి చూశారా? అచ్చం అలాగే. నన్నడిగితే హైదరాబాద్‌లో పికప్పుల ఇంజన్లు కిలోమీటర్లు తిరిగి పోవు, బోరు నీళ్లు తాగి పోతాయి. రేడియేటర్లో నీళ్లు తగ్గితే టీ కొట్టు దగ్గర మగ్గు అడిగి పోసేస్తారు. గార కట్టాక వేడి బయటికి పోదు, ముందు హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ పోతుంది, తర్వాత రింగులు. మనకేమో మంజీరా నీళ్లు కావాలి, బండికి బోరు నీళ్లు చాలు! రేడియేటర్లో పోసే కూలెంట్ డబ్బా కొనమంటే మాత్రం ఖర్చంటారు.

అసలు గండం ఇంకోటుంది. ఆ ఇంజన్ మీద నంబరు ఉండాల్సిన చోట టార్చి వేసి చూస్తే నంబరు లేదు, చెరిపేసిన గ్రైండరు గీతలు. ఆర్సీలో ఇంజన్ నంబరు ఉంటుంది. ఇంజన్ మారిస్తే 14 రోజుల్లో ఆర్టీఏలో చెప్పి అందులో ఎక్కించుకోవాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉండనే ఉంది. 'ఇంజన్ 1' అన్న చిట్టీ పట్టుకుని ఏ ఆఫీసరు ముందు నిలబడను? అది ఏ దొంగ బండిదో అయితే నేను స్టేషన్ చుట్టూ తిరగాలి. మళ్లీ ఆ ఆఫీసు గేటు దగ్గర బ్రోకర్లు ఈగల్లా ముసురుతారు, ఆ కథ ఇంకోసారి.

అదృష్టం కొద్దీ నా పాత ఇంజన్ ఇంకా తుక్కుకు వేయలేదు. నంబరు ఉండేది సిలిండర్లు ఉండే ఇంజన్ దిమ్మ, అంటే బ్లాకు మీదే, బ్లాకు మనదే అయితే ఆర్సీతో పనే లేదు. ఉస్తాద్ నా వేలు పట్టుకుని సిలిండరు లోపల పైఅంచు దగ్గర గోరుతో గీయించాడు. మెట్టులా టక్కున తగిలింది. రింగులు రాసుకుని అరిగిన చోటు అది. లేతు షాపులో బోరింగు, క్రాంకు గ్రైండింగు, హెడ్ ఫేసింగు. ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు, ఆయిల్ పంపు. ఇంజన్ ఎలాగూ దిగింది కదాని క్లచ్ ప్లేటు, మౌంటింగ్ రబ్బర్లు కూడా. మొత్తం 78 వేలు, పన్నెండు రోజులు. కబాడీ సేటు తన ఇంజన్ 20 వేలకు వెనక్కి తీసుకుని, అదీ దయ చూపినట్టు ఇచ్చాడు.

మీరు రేడియేటర్ కూడా విప్పించి కడిగించండి, లేకపోతే బోరింగు డబ్బులు బూడిదే. మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడే వేయండి, ఆ తర్వాత ఆయిల్ మార్చండి.

డ్రైవరును పెట్టుకుంటే వాడి మీదా కన్నేసి ఉంచండి. మొన్న మొయినాబాద్ దగ్గర టీ తాగుతుంటే మావాడు మగ్గు నిండా కుళాయి నీళ్లు పట్టుకుని బానెట్ ఎత్తుతున్నాడు. గ్లాసు పారేసి పరిగెత్తా.