బాణం గుర్తు చూసుకో తల్లీ

తల్లీ బుజ్జీ,

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే పనికి కుదిరావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల కంప్యూటర్ ముందు కూర్చుంటుందంటే ఎంత సంతోషమో! మౌసు ముట్టుకోవడానికే భయమేస్తోందన్నావట. భయమేటే గుంటా, అది కరుస్తుందా?

పాస్‌వర్డ్ కొట్టాక వచ్చే తెరే డెస్క్‌టాప్. కింద పొడుగ్గా ఉన్న పట్టీ టాస్క్‌బార్. స్టార్ట్ బటన్ విండోస్ 10లో ఎడమ మూల ఉంటుంది, 11లో మధ్యకి జరిపారు. తెరిచినదాన్ని కిందికి దించాలంటే పైన కుడివైపు చిన్న గీత, మూసేయాలంటే ఇంటూ గుర్తు. దీనికి వారం రోజుల క్లాసు అక్కర్లేదు.

డబుల్ క్లిక్ దగ్గర తొందర వద్దు, నత్తనడకా వద్దు. పేరు మీద ఆగి ఆగి రెండుసార్లు నొక్కావంటే పేరు మార్చమంటుంది, ఎస్కేప్ కొట్టు. నొక్కుతూ చెయ్యి జరిగితే ఫైలు పక్క ఫోల్డర్‌లోకి జారిపోతుంది. మాయమైందని కంగారుపడకు, ఇంకేదీ ముట్టుకోకుండా కంట్రోల్, జెడ్ కలిపి నొక్కు, వెనక్కొస్తుంది.

ఇక అసలు సంగతి. కొత్తవాళ్ళు ఎన్నేళ్ళుగానో చేస్తున్న తప్పు ఒకటుంది. డెస్క్‌టాప్ మీద బొమ్మలన్నీ ఒకే జాతి అనుకుంటారు. కాదు. కొన్నింటి ఎడమ కింది మూల చిన్న బాణం ఉంటుంది. అది షార్ట్‌కట్, అంటే సరుకు కాదు, సరుకు ఎక్కడుందో రాసిన చీటీ. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఆడిటర్ దగ్గరకి పట్టుకెళ్తే అక్కడ తెరుచుకోదు. ఇంటి అడ్రసు రాసిన చీటీ జేబులో వేసుకుంటే ఇల్లు వెంట వస్తుందా? అనుమానమొస్తే రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడు. సైజు ఒకటి రెండు కేబీలే ఉండి, టైపు దగ్గర షార్ట్‌కట్ అని ఉంటే చీటీయే. అదే మెనూలో ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే అసలు ఫైలు దగ్గరికి తీసుకెళ్తుంది. కాపీ అక్కడ చేసుకో.

నాకు ఎక్కువ భయం దీని తిరగేసిన తప్పంటే. బాణం ఉన్నదాన్ని చెరిపినా అసలుకి ఏమీ కాదని తెలిశాక ధైర్యమొచ్చేస్తుంది. తెర గజిబిజిగా ఉందని ఒకరోజు అన్నీ ఎంచి డిలీట్ కొడతారు, రీసైకిల్ బిన్ కూడా ఊడ్చేస్తారు. అందులో బాణం లేనివి అసలు ఫైళ్ళే! బిన్‌లో ఉన్నంతవరకు రైట్ క్లిక్ చేసి రిస్టోర్ నొక్కితే వస్తాయి, ఊడ్చాక రావు. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టినవి, పెన్‌డ్రైవ్‌లో చెరిపినవి అసలు బిన్‌లోకే వెళ్ళవు. శుభ్రం మంచిదే తల్లీ, కానీ బాణం చూడకుండా చీపురు పట్టకు.

ఇంకోటి. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ ఒక్కసారిగా బాణాలతో కనిపిస్తే నువ్వు చేసింది కాదు, వైరస్. డబుల్ క్లిక్ చెయ్యకు, ముందు స్కాన్ చేయించు.

లెక్కలు డెస్క్‌టాప్ మీద పోగెయ్యకు. డెస్క్‌టాప్ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటుంది. విండోస్ మళ్ళీ వేయడానికి సీ ఫార్మాట్ చేశారంటే, అంటే మొత్తం తుడిచేశారంటే, అదీ పోతుంది. డీ డ్రైవ్ ఉంటే అందులో ఒక ఫోల్డర్ పెట్టు, దాని షార్ట్‌కట్ తెర మీద ఉంచుకో. పేర్లు 2026-01 పిక్కల కొనుగోలు, 2026-02 పిక్కల కొనుగోలు అని ఏడాది ముందు రాస్తే వరసగా నిలబడతాయి. 'కొత్తది', 'కొత్తది ఫైనల్' అని పెట్టావో, నా చేత తిట్లు తింటావు.

పది నిమిషాలకోసారి కంట్రోల్, ఎస్ నొక్కు, రాసినదంతా సేవ్ అవుతుంది. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే. కరెంటు పోయినా కాసేపు నడిపే యూపీఎస్ ఉన్నా, అది సేవ్ చేసి మూసుకునేంత సేపే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో జీడిచెట్లు, కొబ్బరిచెట్లు ఎలా కూలాయో నువ్వూ చూశావు. అలాంటి రోజు కంప్యూటర్ తడిస్తే? అందుకే యజమానినడిగి వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసి, ఫ్యాక్టరీలో కాకుండా వేరేచోట పెట్టించు.

భోజనానికి లేచేటప్పుడు విండోస్ కీ, ఎల్ నొక్కి తాళం వేసి లే. డబ్బాలో అన్నం తిను, టీలతో సరిపెట్టుకోకు.

ఆదివారం ఫోన్ చేస్తాను. నీ తెర మీద బాణం ఉన్నవెన్నో, లేనివెన్నో లెక్కపెట్టి ఉంచు.

మీ పెదనాన్న