ఎలకకి అతికింది కదా అని మీరు కబడ్డీ బరిలోకి దిగొద్దు

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. వయసు 23. కబడ్డీలో ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్, అంటే పట్టీ) తెగితే, తొడ వెనక టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) తీసి దాని స్థానంలో అతుకుగా, అంటే గ్రాఫ్ట్‌గా వేశారు. ఏడు వారాలైంది, నొప్పి లేదు, మామూలుగా నడుస్తున్నాను. ఎలకలకి నాలుగు వారాల్లోనే అతుక్కుంటుందని ఒకచోట చదివాను, కుందేళ్లలో ఈ టైమ్‌కే గ్రాఫ్ట్ బాగా బలహీనంగా ఉంటుందని ఇంకోచోట ఉంది. ఏది నమ్మాలి? సంక్రాంతి పోటీల్లో ఒక్క రైడ్‌కైనా వెళ్లొచ్చా?

జవాబు: వద్దండీ. ఒక్క రైడ్ కూడా వద్దు.

మీరు చదివిన రెండూ నిజమే, కాకపోతే ఒకటి ఎముకలో తవ్విన సొరంగానికి గ్రాఫ్ట్ పట్టుకోవడం గురించి, రెండోది కీలు మధ్యలో ఉన్న గ్రాఫ్ట్ బలం గురించి. 1993లో కుక్కల మీద చేసిన ప్రయోగంలో, ఎముకలోకి పెట్టిన టెండన్‌ని 8 వారాల లోపు లాగితే సొరంగంలోంచి ఊడి వచ్చేసింది, 12 వారాల తర్వాత అలా ఊడలేదు. ఇక మధ్యలో ఉన్న భాగం సంగతి చూస్తే, ఊడుపులయ్యాక నారు ముందు వాడిపోయి తర్వాత కదా పచ్చబడుతుంది, ఇదీ అంతే. రక్తం అందక పాత కణాలు చచ్చిపోతాయి, తర్వాత కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు వస్తాయి, ఆ మధ్యకాలంలో గ్రాఫ్ట్ మెత్తబడుతుంది. 1986లో కుందేళ్లలో చూస్తే, మోకాలి చిప్ప కింది టెండన్ లిగమెంట్ లక్షణాల్లోకి రావడానికి దాదాపు 30 వారాలు పట్టింది. ఇవన్నీ కీలు కోసి మైక్రోస్కోప్ కింద పెడితే తెలిసినవి, మీ మోకాలుని వారం వారం అలా కోసి చూడలేం కదా, అందుకే ఆ జంతువులు.

అయితే వాటి క్యాలెండర్‌ని మీ గోడకి తగిలించుకోకండి. ఎలక నాలుగు కాళ్ల మీద, మోకాలు ఎప్పుడూ వంచుకునే నడుస్తుంది. దాని ఎముకలో సొరంగం మిల్లీమీటరో, కాస్త అటూఇటూనో ఉంటుంది, గ్రాఫ్ట్‌ని మామూలుగా దారంతో కట్టేస్తారు, ఫిజియోథెరపీ అనేదే ఉండదు. పైగా చిన్న జంతువుల్లో ఏ మార్పైనా త్వరగా జరుగుతుంది. మనుషుల మోకాళ్లలోంచి తీసిన చిన్న ముక్కలు పరీక్షిస్తే ఏడాది దాటాక కూడా గ్రాఫ్ట్ మారుతూనే కనిపించింది. పాత కణాలు చనిపోవడం మాత్రం జంతువుల్లో ఉన్నంత ఎక్కువగా మనలో ఉండదు, అదొక మంచి విషయం.

ఎలకల ప్రయోగాల్లోంచి మీకు పనికొచ్చేది ఒకటుంది: ఆపరేషన్ అయిన వెంటనే కాకుండా కొన్ని రోజులు ఆగి, లెక్కగా కొద్దికొద్దిగా బరువు పెట్టినవాటిలో అతుకు మెరుగ్గా వచ్చింది. మీ ఫిజియో చెప్పే వ్యాయామాలు కూడా అలాంటి లెక్కే, కాబట్టి బోర్ కొట్టినా మానకండి.

నొప్పి లేదంటున్నారు, సంతోషమే. కానీ గ్రాఫ్ట్‌కి ఇంకా సరిగా నరాలు రాలేదు, బలహీనంగా ఉన్నా అది మీకు నొప్పి రూపంలో చెప్పదు. ప్రస్తుతం దాన్ని పట్టి ఉంచుతున్నది చాలా వరకు ఆపరేషన్‌లో ఎముకకి బిగించిన స్క్రూ, బటన్ లాంటివే. రైడ్‌లో గీత అందుకోవడానికి ఒక్క కాలి మీద తిరుగుతారు చూడండి, వెనక నుంచి ఇద్దరు పట్టేస్తారు, ఆ మెలికకే ఏసీఎల్ తెగేది.

2016లో నార్వేలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 9 నెలల వరకు ఆట ఆలస్యం చేసిన ప్రతి నెలకీ మళ్లీ మోకాలికి దెబ్బ తగిలే ప్రమాదం దాదాపు సగానికి తగ్గింది. అంటే కనీసం 9 నెలలు, ఆపైన తొడ ముందు కండరం బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతం దాటాలి, ఒంటికాలి గెంతు పరీక్షలూ పాసవ్వాలి. మిత్రులు ఆడమని బలవంతం చేస్తే నా పేరు చెప్పి తప్పించుకోండి.

మోకాలు వాచినా, జారినట్టు అనిపించినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర నీరు కారినా ఆగకుండా ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి.