రస్ట్‌లో ప్రతిచోటా రిజల్ట్ రాయడం చాదస్తమా?

మీ ప్రశ్న ఇది: జావా నుంచి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకు వచ్చారు. ప్రతి ఫంక్షనూ రిజల్ట్ (పని జరిగితే ఓకేలో విలువ, జరగకపోతే ఎర్‌లో పొరపాటు ఉండే టైప్) ఇవ్వడం, పిలిచిన ప్రతిచోటా దాన్ని విప్పి చూడడం చాదస్తంగా అనిపిస్తోంది. అన్నిచోట్లా అన్‌వ్రాప్ (ఓకే అయితే విలువను తీసి ఇచ్చి, ఎర్ అయితే ప్రోగ్రామ్‌ను పడగొట్టేది) పెట్టేసి ముందుకు వెళ్తే నష్టమేమిటని, జావాలోలా పొరపాటును పైకి విసిరే ఎక్సెప్షన్లు చాలవా అని అడిగారు. చెల్లింపుల కోడ్ మీద చాలాకాలంగా పనిచేస్తున్నాను కనుక ఆ అనుభవం నుంచే చెబుతాను. నష్టం ఉంది. అయితే అన్‌వ్రాప్ సంగతి కంటే ముందు, ఎర్ వైపు మీరు ఏ టైప్ పెట్టారో చూసుకోండి. ఓకే వైపు ఎంతో శ్రద్ధగా రాసి, ఎర్ వైపు ఒక స్ట్రింగ్ పడేసి ఊరుకునే కోడ్ నేను చాలా చూశాను. అలా రాసినప్పుడు మీరన్నట్టు అది చాదస్తమే, ఎందుకంటే అంత శ్రమపడినా దక్కేది ఏమీ ఉండదు.

యూపీఐ ద్వారా సరఫరాదారులకు డబ్బు పంపే ఫంక్షన్ ఒకటి మా జట్టు చేతికి వచ్చింది. పని జరిగితే లావాదేవీ సంఖ్య, జరగకపోతే ఒక సందేశం ఇచ్చేది. ఆ సందేశం "నిల్వ చాలదు" కావచ్చు, "ఖాతా చెల్లదు" కావచ్చు, "గడువు దాటింది" కావచ్చు. పిలిచిన కోడ్‌కు ఈ మూడూ ఒకటే, విఫలం. కాబట్టి కాసేపాగి, కొత్త సంఖ్యతో మళ్లీ పంపేది. నిల్వ చాలనప్పుడు మళ్లీ పంపినా మునిగేదేమీ లేదు. గడువు దాటినప్పుడు మాత్రం డబ్బు వెళ్లలేదని చెప్పడానికి లేదు, వెళ్లిందో లేదో మనకు తెలియదు, అంతే. ఖాతాలో కోత పడిపోయి, జవాబు దారిలో ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు కొత్త సంఖ్యతో మళ్లీ పంపితే ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్తుంది. ఇది అరుదైన వింత కాదు. ఖాతాలో కోత పడి అవతలివారికి జమ కాని యూపీఐ లావాదేవీల గురించి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ప్రత్యేకంగా నిబంధనలే పెట్టింది. వ్యక్తుల మధ్య బదిలీ అయితే మరుసటి రోజులోగా, వ్యాపారికి చెల్లింపు అయితే 5 రోజుల్లోగా డబ్బు వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి.

ఆ స్ట్రింగ్ తీసేసి మేము ఒక ఈనమ్ (నిర్ణీత రకాల్లో ఏదో ఒకటి మాత్రమే అయ్యే టైప్) పెట్టాం. అందులో మూడు రకాలు: బ్యాంకు తిరస్కరించింది, ఆదేశం మన దగ్గరి నుంచి బయటికే వెళ్లలేదు, ఫలితం తెలియదు. మొదటిదాని వెంట కారణం ఉంటుంది, దాన్ని వాడుకరికి చూపించాలి. రెండోది వస్తే నిశ్చింతగా మళ్లీ పంపవచ్చు. మూడోదాని వెంట పాత లావాదేవీ సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్యతోనే బ్యాంకును స్థితి అడగాలి తప్ప కొత్త ఆదేశం పంపకూడదు. పొరపాటు ఎక్కడ పుట్టిందన్న దాన్నిబట్టి కాకుండా, పిలిచినవారు ఆ తర్వాత ఏం చేయాలన్న దాన్నిబట్టి ఈ రకాలను విడదీశాం. నా దృష్టిలో రిజల్ట్ వాడకంలో అసలు పని ఇదే. ఇక ఏ రకం వస్తే ఏం చేయాలో రాసే మ్యాచ్‌లో ఒక్క రకాన్ని వదిలేసినా కంపైలర్ ఒప్పుకోదు. దయచేసి చివర మిగిలినవన్నీ అని అర్థమిచ్చే అండర్‌స్కోర్ కొమ్మ పెట్టి ఆ కాపలాను తీసేయకండి. రేపు నాలుగో రకం చేరితే అది చడీచప్పుడు లేకుండా ఆ కొమ్మలో కలిసిపోతుంది.

ఎక్సెప్షన్లు చాలవా అన్నారు. జావాలో చెక్‌డ్ ఎక్సెప్షన్ల ఉద్దేశం కూడా మంచిదే. వైఫల్యం ఫంక్షన్ సంతకంలోనే కనిపించాలన్నది అక్కడా ఉంది. కానీ స్ట్రీములు, లాంబ్డాలతో అవి ఇమడవు, దాంతో చాలామంది వాటిని సంతకంలో కనిపించనక్కర్లేని రన్‌టైమ్ ఎక్సెప్షన్‌లో చుట్టేస్తారు. రిజల్ట్ మామూలు విలువ కనుక మ్యాప్ చేయవచ్చు, వెక్టర్‌లో పోగు చేయవచ్చు, ఇంకో ఫంక్షన్‌కు ఇవ్వవచ్చు. పట్టించుకోకుండా వదిలేస్తే కంపైలర్ హెచ్చరిస్తుంది కూడా.

విప్పి చూడడంలోని విసుగు చాలావరకు ప్రశ్నార్థక గుర్తుతో (ఎర్ వస్తే దాన్ని వెంటనే పిలిచినవారికి తిరిగి ఇచ్చేస్తుంది) పోతుంది. 2016 నవంబరులో వచ్చిన 1.13 వెర్షన్ నుంచి అది ఉంది. ఒక్క జాగ్రత్త: ఆ గుర్తు లోపలి ఎర్‌ను ఫ్రమ్ ట్రెయిట్ (ఒక టైప్‌ను మరో టైప్‌గా మార్చే పద్ధతి) ద్వారా బయటి టైప్‌లోకి మార్చేస్తుంది. నెట్‌వర్క్ పొరపాటు వస్తే అది ఆదేశం పంపకముందు వచ్చిందా, పంపాక వచ్చిందా అన్నది ఫ్రమ్‌కు తెలియదు, మీకే తెలుసు. అలాంటి చోట మ్యాప్‌ఎర్‌తో మీరే స్పష్టంగా మార్చండి. లైబ్రరీలకు దిస్‌ఎర్రర్ (ఎర్ టైప్‌లు తేలిగ్గా రాయించే ప్యాకేజీ), మెయిన్‌కు దగ్గరగా ఉండే పై పొరకు ఎనీహౌ (ఏ ఎర్‌నైనా ఒకే టైప్‌లో పట్టే ప్యాకేజీ) అన్న అలవాటు నాకు బాగా పనికొచ్చింది.

ఇక అన్‌వ్రాప్. 2025 నవంబరు 18న ఎన్నో సైట్ల ట్రాఫిక్‌ను నడిపే క్లౌడ్‌ఫ్లేర్ సేవలు ఆగి, ప్రపంచమంతటా ఎన్నో సైట్లు తెరుచుకోలేదు. వారే విడుదల చేసిన వివరణ చదవండి. డేటాబేస్ అనుమతుల్లో మార్పు వల్ల ఒక క్వెరీలో వరుసలు రెండింతలు వచ్చాయి. దాంతో తయారైన ఫైలులో ఫీచర్ల (బాట్‌లను గుర్తించడానికి చూసే లక్షణాలు) సంఖ్య 200 అన్న పరిమితిని దాటింది. ఆ పరిమితిని చూసే రస్ట్ కోడ్ సరిగ్గానే ఎర్ ఇచ్చింది. దాని మీద ఉన్న అన్‌వ్రాప్ ప్రోగ్రామ్‌ను పడగొట్టింది. మూలకారణం వేరే చోట ఉన్నా, పాత ఫైలుతో కొనసాగాలా, ఆగిపోవాలా అని ఆలోచించవలసిన చోటు మాత్రం అన్‌వ్రాప్ ఉన్న ఆ కోడ్ వరుసే.

అన్‌వ్రాప్ ఎక్కడా కూడదని నేను అనను. టెస్టుల్లో వాడండి. కోడ్‌లోనే రాసిన రెజెక్స్ (అక్షరాల నమూనా) కంపైల్ చేసేటప్పుడు వాడండి, ఇంకా నయం, ఎక్స్‌పెక్ట్ (సందేశం రాయగల అన్‌వ్రాప్) వాడి, అది ఎందుకు విఫలం కాదో అందులో రాయండి. బయటి నుంచి వచ్చే ఫైలు, నెట్‌వర్క్, వాడుకరి టైప్ చేసినది, వీటి మీద మాత్రం వద్దు. రస్ట్ కోడ్‌ను తనిఖీ చేసే క్లిప్పీ అనే సాధనంలో అన్‌వ్రాప్‌యూజ్డ్ అనే లింట్ (హెచ్చరిక నియమం) ఉంది, మామూలుగా అది పనిచేయదు, మీరే ఆన్ చేయాలి. టెస్టులకు మినహాయింపు ఇచ్చే సెట్టింగు కూడా ఉంది. ముందు ఒక్క మాడ్యూల్‌లో, బయటి ప్రపంచంతో మాట్లాడే దానిలో, ఆన్ చేసి చూడండి. అది చూపించే ప్రతి వరుస దగ్గరా ఎర్ వస్తే ఏం చేయాలో తేల్చుకున్నాక, మీ ఈనమ్‌లో ఏ రకాలు ఉండాలో మీకే తెలుస్తుంది.