లక్ష వచ్చిన నెలను చూసి ఈఎంఐ లెక్క వేస్తే, మే నెలలో ఎవరు కడతారు?

సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న, కాస్త కుదించి ఇస్తున్నాను: “నాకు 38 ఏళ్లు, పెళ్లి కాలేదు. వెస్టర్న్ క్లాసికల్ పియానో కచేరీలు చేస్తాను, ఇంట్లో 22 మంది పిల్లలకు లండన్ సంగీత పరీక్షా సంస్థలైన ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం గ్రేడ్ పరీక్షలకు పాఠాలు చెబుతాను. నెలకు లక్ష దాకా వస్తుంది. ఇంటద్దెతో కలిపి ఖర్చు 46 వేలు, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసేది) 10 వేలు. సేవింగ్స్‌లో 2.3 లక్షలు, ఎఫ్‌డీ 3 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 6.4 లక్షలు ఉన్నాయి. అమ్మకు రైల్వే ఫ్యామిలీ పెన్షన్, మెడికల్ కార్డు ఉన్నాయి. ఆ పెన్షన్ నేను ముట్టుకోను. నాకు హెల్త్ పాలసీ లేదు. ఇప్పుడు 15 లక్షలకు సెకండ్ హ్యాండ్ గ్రాండ్ పియానో (కచేరీల్లో వాడే పెద్ద, అడ్డంగా పరుచుకునే రకం) దొరికింది, 25 వేలు అడ్వాన్స్ ఇచ్చాను. ఎఫ్‌డీ తీసి 3 లక్షలు కట్టి, మిగతా 12 లక్షలకు 14 శాతం వడ్డీకి అయిదేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవాలని ఉంది. గ్రాండ్ ఉంటే పెద్ద గ్రేడ్ల పిల్లలు వస్తారు, ఫీజు పెంచొచ్చు. ఎప్పుడైనా ఇబ్బందైతే అమ్మ బంగారం ఉంది. పోయినేడాది మణికట్టు నొప్పితో మూడు వారాలు క్లాసులు ఆపాను, ఇప్పుడు బాగానే ఉంది. డీలర్ నెలాఖరు వరకే ఆగుతానంటున్నాడు. సిప్ ఆపేసి లోన్ కట్టనా, రెండూ నడపనా?”

మీరు అడిగింది సిప్ గురించి. నేను మాత్రం మీరు మాటవరసకు రాసేసిన ఆ మణికట్టు దగ్గరే ఆగిపోయాను.

ముందు ఆదాయం సంగతి. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా పంపారు, చాలామంది పంపరు, థాంక్స్. అందులో లక్ష దాటినవి రెండే నెలలు, క్రిస్మస్ కచేరీలున్న నవంబర్, డిసెంబర్. మార్చిలో స్కూలు పరీక్షలని సగంమంది రాలేదు, మే నెలలో పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతే వచ్చింది 34 వేలు. మొత్తం 8.1 లక్షలు, అంటే నెలకు సగటున 67,500. ట్యూషన్ చెప్పేవాళ్లు, డాన్స్ టీచర్లు, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు, యోగా నేర్పేవాళ్లు, నాకు రాసే ఇలాంటివాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే: బాగా వచ్చిన నెలను జీతం అనుకుంటారు, ఆ జీతం మీద ఈఎంఐ లెక్క వేసుకుంటారు. అప్పిచ్చేవాడు కూడా అదే కాగితం చూసి సరే అంటాడు, వాడికేం, తర్వాత ఇబ్బంది పడేది మీరు. సగటు 67,500లో ఖర్చు, సిప్ పోను మీకు మిగిలేది 11,500. ఈఎంఐ 27,900. సిప్ మొత్తం ఆపేసినా నెలకు 6,400 తక్కువ పడుతుంది, అదీ సగటు నెలలో. మే నెల అయితే ఇంటిఖర్చుకే 12 వేలు చాలవు, దాని మీద ఈఎంఐ, కలిపితే ఒక్క నెలలో 39,900 లోటు. కాబట్టి సిప్ ఆపాలా వద్దా అన్న ప్రశ్న ఇక్కడ పుట్టనే పుట్టదు. అయిదేళ్లలో వడ్డీయే దాదాపు 4.75 లక్షలు, ఇంకో మంచి అప్‌రైట్ పియానోకు (గోడకు ఆనించి పెట్టే నిలువు రకం) సరిపోయే డబ్బు.

ఫీజు పెంచొచ్చన్నారు. 22 మంది మీద 27,900 వేస్తే ఒక్కొక్కరికి దాదాపు 1,270. ఇప్పుడు 3,600 తీసుకుంటున్నారు, 4,870 అడగాలి. గ్రేడ్ 2 చదివే పిల్లాడి తండ్రికి మీ హాల్లో ఉన్నది గ్రాండా అప్‌రైటా అన్నది పట్టదు, ఇంట్లో వాడు వాయించేది కీబోర్డు, పరీక్ష రోజున వాయించేది సెంటర్‌లో ఉన్న పియానో. ఫీజు పెంచకుండా పిల్లల్ని పెంచుతానంటే ఇంకో ఎనిమిది మంది కావాలి, అంటే వారానికి ఎనిమిది గంటలు అదనం. ఆ మణికట్టుతోనా?

ఇక అసలు విషయం. మీ 8.1 లక్షల ఆదాయం మొత్తం రెండు చేతుల మీద ఆధారపడి ఉంది. చాలామంది మ్యుజీషియన్లు యాక్సిడెంట్ పాలసీ తీసుకుని చేతులకు ఇన్సూరెన్స్ అయిపోయిందనుకుంటారు. తీసుకోవాలి, తప్పకుండా, తాత్కాలికంగా పని చేయలేకపోతే వారంవారం డబ్బిచ్చే కవర్ కూడా కలిపి తీసుకోవాలి; ఐటీ రిటర్న్ వేస్తున్నారు కాబట్టి ఆదాయం చూపించడం కష్టం కాదు. కానీ ఆ పాలసీ మాట్లాడేది ప్రమాదం గురించి: బండి మీంచి పడటం, తలుపు సందులో వేలు నలగటం. పియానిస్టు చేతులు ఎక్కువగా పాడయ్యేది అలా కాదు కదా, ఏళ్ల తరబడి వాయించీ వాయించీ పాడవుతాయి. టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నరంలాంటి తాడు) వాపు ప్రమాదం కాదు, కాబట్టి క్లెయిమ్ రాదు. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్‌కు 1960ల మధ్యలో, ఇంకా నలభై నిండకుండానే, కుడిచేతి చివరి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. దెబ్బా లేదు, ప్రమాదమూ లేదు. ఫోకల్ డిస్టోనియా, అంటే కండరాలు మన మాట వినకుండా వాటంతటవే బిగుసుకుపోయే నరాల జబ్బు అని తర్వాతెప్పుడో తేలింది. రెండు చేతులతో మళ్లీ వేదిక మీద నిలదొక్కుకోవడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. అప్పటికే, 1959 నుంచి, బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత విద్యాలయంలో పాఠాలు చెబుతున్నారు, అది ఆగలేదు. మీకూ పాఠాలే ఆసరా, ఒక చెయ్యి నొప్పిగా ఉన్నా కొన్నాళ్లు నోటితో నెట్టుకురావచ్చు, కచేరీల డబ్బు మాత్రం ఆ రోజే ఆగిపోతుంది.

అంటే మీకు ఎక్కువగా రాగల ముప్పుకు మార్కెట్లో మామూలుగా దొరికే పాలసీ లేదు. ఉన్నది ఎమర్జెన్సీ ఫండ్ ఒక్కటే. జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను, మీలాంటివాళ్లకు ఏడాది ఖర్చు ఉండాల్సిందే. 46 వేల చొప్పున 5.52 లక్షలు. మీ దగ్గర ఎంతుంది? సేవింగ్స్ 2.3, ఎఫ్‌డీ 3, మొత్తం 5.3 లక్షలు. ఇంకో 22 వేలు వేస్తే అయిపోయింది! నాకు రాసేవాళ్లలో నూటికి తొంభై మంది దగ్గర లేనిది మీ దగ్గర ఉంది, దాన్నే పగలగొట్టి డౌన్ పేమెంట్ కడతానంటున్నారు. చదివినప్పుడు తల పట్టుకున్నాను, నిజంగా.

అమ్మ బంగారం మాట ఇంకోసారి ఎత్తకండమ్మా. ఆవిడ పెన్షన్ ముట్టుకోనని గర్వంగా రాసి, ఆవిడ నగలు తాకట్టు పెట్టడానికి మాత్రం సిద్ధపడ్డారు. పర్సనల్ లోన్ కంతు కట్టడానికి గోల్డ్ లోన్, దాని వడ్డీకి ఫోన్‌లో నిమిషంలో ఇచ్చే యాప్ లోన్, ఇలా దిగినవాళ్ల ఉత్తరాలు నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి, అన్నీ “ఒక్క నెలే కదా” అనే మొదలవుతాయి.

హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. లాలాగూడ రైల్వే ఆస్పత్రి అమ్మగారికి, సంపాదిస్తున్న మీకు కాదు. కనీసం 10 లక్షల కవర్. ప్రపోజల్ ఫారంలో మణికట్టు నొప్పి, చూపించుకున్న డాక్టర్, వాడిన మందులు అన్నీ రాయండి, ఏజెంట్ “చిన్నదే మేడమ్, వదిలేద్దాం” అంటే ఏజెంట్‌నే వదిలేయండి. ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉండొచ్చు, ఆ లెక్క మొదలయ్యేది పాలసీ తీసుకున్న రోజు నుంచే, అందుకే తొందరపెడుతున్నాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. టర్మ్ పాలసీ (మనం పోతే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే లైఫ్ ఇన్సూరెన్స్) మీకు అంత అర్జెంటు కాదు, అమ్మగారికి పెన్షన్ ఉంది.

మే నెల గండానికి అప్పు కన్నా మంచి మందు ఫీజు పద్ధతి మార్చడం. వచ్చిన క్లాసులకే డబ్బు తీసుకుంటున్నట్టున్నారు, స్టేట్‌మెంట్‌లో 900లు, 1,800లు కనపడుతున్నాయి. జూన్‌లో స్కూళ్లు తెరిచినప్పటి నుంచి టర్మ్ ఫీజు పెట్టండి, మూడు నెలలది ముందే. సెలవుకు వెళ్లినా మీ టైమ్ స్లాట్ వాళ్లకోసమే ఖాళీగా ఉంచుతున్నారు కదా, దానికి డబ్బు అడగడం తప్పేం కాదు. ముందురోజు చెబితే ఇంకో రోజు క్లాసు, చెప్పకపోతే లేదు. ఇద్దరు ముగ్గురు మానేస్తారు, మానేయనివ్వండి. మేలో కొత్త పిల్లలకు సమ్మర్ బ్యాచ్ ఒకటి పెట్టినా ఆ నెల ఇంటిఖర్చు గట్టెక్కుతుంది. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ టెన్షన్ లేదు.

పియానో వద్దనడం లేదు. కచేరీకి గ్రాండ్ కావాలంటే ఆ రోజుకు అద్దెకు తీసుకోవచ్చు, సాధనకు మంచి అప్‌రైట్ చూడొచ్చు. ఇంకోటి, మీది అద్దె ఇల్లు. చిన్న గ్రాండ్ అయినా పావు టన్నుకు పైనే ఉంటుంది, ఓనర్ ఖాళీ చేయమంటే మామూలు ప్యాకర్లు దాన్ని మోయలేరు, మోసిన ప్రతిసారీ ట్యూనింగ్, వానాకాలం తేమ, ఇవేవీ డీలర్ చెప్పిన 15 లక్షల్లో లేవు. ఫండ్లలోని 6.4 లక్షలు పియానో కోసమే అని పేరు పెట్టుకోండి, సిప్ ఆపకండి, టర్మ్ ఫీజు వల్ల మిగిలింది కూడా అందులోకే పంపండి, కొనాలనుకున్న ఏడాది ముందు ఎఫ్‌డీలోకి మార్చండి. మూడు నాలుగేళ్లకు అప్పు లేకుండానో, రెండు మూడు లక్షల చిన్న అప్పుతోనో మీ స్థాయికి తగిన వాయిద్యం కొనగలరు.

డీలర్‌కు రేపే ఫోన్ చేసి అడ్వాన్స్ వెనక్కి అడగండి, వాట్సాప్‌లో కూడా రాసి పెట్టండి. సగమే ఇస్తానంటే సగం తీసుకోండి. అసలే ఇవ్వనంటే 25 వేలు పోయాయనుకోండి, దానికోసం మాత్రం లోన్ కాగితాల మీద సంతకం పెట్టకండి.